బుగ్గల మీద గంధం

పొద్దున్నే రాజ్యశ్రీ రాగిజావ గిన్నెతో మంచం పక్కన కూర్చుంది.

"ఒక్క చెంచా తాగండి మామ్మగారూ. అవతల పాలు పొంగిపోతున్నాయి."

ఎనభై మూడేళ్ళ సుబ్బరత్నం చెంచాను చూసింది. గుమ్మం వైపు చూసింది. గొంతు తగ్గించి ఏదో అంది. తెలుగు కాదు. నెలన్నర కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దాంతోపాటే తెలుగూ పోయింది. మెదడు దెబ్బతింటే ఇలాంటి శబ్దాలు వస్తాయని డాక్టరు అన్నాడు. ఇంట్లో అందరూ నమ్మారు.

వసారాలో పేపరు చదువుతున్న ఆవిడ కొడుకు మల్లేశ్వరరావు తల ఎత్తలేదు. "మతిపోయిన మనిషి మాటలకు అర్థాలు వెతక్కు. ఆకలేస్తే తనే మింగుతుంది," అన్నాడు కోడలితో.

అది ఏ భాషో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు.

గేటు చప్పుడైంది. ఎదురింటి బాలశౌరి పేపరు కోసం వచ్చే వేళ. కాని వచ్చింది బాలశౌరి కాదు. పాతికేళ్ళ పిల్ల. భుజాన సంచి, చిన్న కళ్ళు, ఎత్తైన చెంపలు.

"ఏజెన్సీ పంపింది సార్. పేషెంట్‌ని చూసుకోవడానికి."

"రాజ్యం!" మల్లేశ్వరరావు ఆ పిల్లకు వినపడేట్టే అరిచాడు. "ఈ చైనా మొహాన్ని ఎవరు పంపమన్నారు?"

"చైనా కాదు సార్. మణిపూర్. నా పేరు కింబోయ్." చాలామందికి చాలాసార్లు చెప్పిన జవాబులా ఉంది.

రాజ్యశ్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనే రమ్మన్నాను మామయ్యగారూ. మూడు వారాలు తిరిగితే దొరికిన మనిషి. మామ్మగారిని ఒక్కదాన్నే తిప్పలేక నా నడుం పోయింది. ఆయన షాపుకెళితే మళ్ళీ రాత్రికే రావడం. పోనీ మీరు తిప్పుతారా?"

"వాళ్ళేం తింటారో తెలుసా నీకు? కుక్కల్ని తింటారు."

"మనింట్లో కుక్క లేదులెండి."

ఆ పిల్ల పెదవి కొద్దిగా కదిలింది. మల్లేశ్వరరావుకు ఒళ్ళు మండింది.

"వేరే మనిషి దొరికేదాకే. కంచం, గ్లాసు విడిగా పెట్టు. పెరటి మెట్ల మీద తినమను."

రాజ్యశ్రీ స్టీలు గ్లాసుకు ఎర్రదారం కట్టింది. అది ఇచ్చేటప్పుడు ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయింది. కింబోయ్ దారాన్ని చూసింది. నీళ్ళు తాగింది. గ్లాసు తనే కడిగి, మెట్ల మీద బోర్లించింది.

మల్లేశ్వరరావు ఐదేళ్ళప్పుడు రంగూన్ నుంచి ఓడలో వచ్చాడు. తండ్రి రత్తయ్య అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. సుబ్బరత్నం తండ్రి తెలుగువాడు, తల్లి బర్మా మనిషి. కాలం మారింది. వీధిలో "కలా" అని అరిచేవాళ్ళు. పరాయి దేశపోడా, పో అని. తలుపుల మీద రాళ్ళు వేసేవాళ్ళు. ఒకరోజు కట్టుబట్టలతో ఓడ ఎక్కారు.

చల్లపల్లి పక్కన రత్తయ్య సొంతూరు చేరారు. కొడుకును మొదటిరోజు బడికి పంపుతూ సుబ్బరత్నం గంధం అరగదీసి రెండు బుగ్గలకూ గుండ్రంగా పూసింది. రంగూన్‌లో ఒక చెట్టు బెరడు నూరి పిల్లలకు అలాగే పూసి పంపేవారు. ఇక్కడ ఆ బెరడు దొరకలేదు. ఇక్కడ ఎవరూ అలా పంపరని ఆవిడకు తెలియదు.

బళ్ళో పిల్లలు చుట్టూ మూగారు. "బర్మావోడు! కప్పలు తినేవోడు!" అని మట్టిబెడ్డలు విసిరారు. మాస్టారు బల్ల ఎక్కించి, ఆ భాషలో నాలుగు ముక్కలు మాట్లాడమన్నాడు. గొప్ప కోసం అడిగాడనుకుని పిల్లాడు మాట్లాడాడు. మాస్టారుతో సహా అందరూ పడీపడీ నవ్వారు.

సాయంత్రం కాలవలో బుగ్గలు కందిపోయేలా తోముకుని ఇంటికొచ్చాడు. "ఇంకోసారి ఆ మాటలు మాట్లాడావంటే నిన్ను అమ్మా అని పిలవను," అన్నాడు.

సుబ్బరత్నం మళ్ళీ ఆ భాష మాట్లాడలేదు. అరవై ఏళ్ళు మాట్లాడలేదు. అతను ఊరు వదిలాడు. థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం చేశాడు, కొండపల్లిలో ఇల్లు కట్టాడు. పదకొండేళ్ళ కిందట పోయిన భార్య కనకలక్ష్మికి కూడా అత్తగారి పుట్టిల్లు ఎక్కడో చెప్పలేదు. ఆమె అడిగింది. రెండుసార్లు అడిగి మానేసింది.

కింబోయ్ వచ్చిన మూడోరోజు మల్లేశ్వరరావు సంతకెళ్ళి వచ్చాడు. లోపల నవ్వు వినిపించింది. తల్లి నవ్వు. అతను గుమ్మంలో ఆగిపోయాడు.

సుబ్బరత్నం దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడంచెయ్యి ఆడిస్తూ గలగలా మాట్లాడుతోంది. కింబోయ్ జవాబులు చెబుతోంది. మంచం కింద గంధపు సాన. తల్లి ముడతల బుగ్గల మీద రెండు గుండ్రటి గంధపు పూతలు. జావగిన్నె ఖాళీగా ఉంది. రాజ్యశ్రీ నోరు తెరుచుకుని చూస్తోంది.

"మామయ్యగారూ, చూశారా! అది భాషటండీ! ఈ అమ్మాయికి వచ్చట!"

"తుడు!" అన్నాడు మల్లేశ్వరరావు. "ఆ మొహం తుడు. నువ్వు బయటికి నడువు."

"సార్, ఆమే అడిగింది..."

"నడవమన్నానా!"

సుబ్బరత్నం నవ్వు ఆగిపోయింది. బాగున్న చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. తప్పు చేస్తూ దొరికిపోయిన పిల్లలా కొడుకు వైపు చూసింది.

కింబోయ్ సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ పూట సుబ్బరత్నం తినలేదు. మర్నాడూ తినలేదు. చెంచా దగ్గరికి తెస్తే చేత్తో నోరు మూసుకునేది. మాటే లేదు. డాక్టరు వచ్చి చూశాడు. తిండి లేక మనుషుల్ని పోల్చుకోవడం కూడా తగ్గుతోందన్నాడు. రేపటికీ ఇంతే అయితే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు. ఈ వయసులో తట్టుకోవడం కష్టమే అన్నాడు.

కొడుకు రాంబాబు షాపు మానేసి ఇంట్లో కూర్చున్నాడు. "ఆ అమ్మాయిని పిలిపిద్దాం నాన్నా. మామ్మ బతికితే చాలు. ఎవరైతే మనకేం?"

"నా గుమ్మంలోకి రానివ్వను."

"ఎందుకని?"

రాజ్యశ్రీ వంటింట్లోంచి వచ్చింది. ఏడ్చిన కళ్ళు.

"నేను చెబుతాను ఎందుకో. ఇందాకే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అది బర్మా భాషట. వాళ్ళది మోరే అట, ఊరి గేటు దాటితే బర్మానే అట. అక్కడ గొడవల్లో వాళ్ళ ఇల్లు తగలబెడితే పనికోసం ఇంతదూరం వచ్చింది. మీరు దారం కట్టిన గ్లాసు ఇప్పించారు."

"రాజ్యం, ఊరుకో."

"ఊరుకోను. నెలన్నర నుంచి మామ్మగారు ఒకటే మాట అంటున్నారు కదా, తో తో ప్యో అని? జావ పట్టినా అదే, పక్క మార్చినా అదే. నేను దాహమేమో అనుకున్నాను, నొప్పేమో అనుకున్నాను. దానర్థం అడిగాను. 'మెల్లగా మాట్లాడు' అనట. మెల్లగా మాట్లాడు, మా అబ్బాయి వింటాడు, వాడికి సిగ్గు, అంటున్నారట. మంచంలో పడి, చావుబతుకుల్లో ఉండి, ఆవిడ మీ పరువు కాస్తున్నారండీ! మీకు తెలుసు కదా? అంతా తెలిసే మతిపోయిందన్నారు కదా?"

రాంబాబు తండ్రి మొహం చూస్తున్నాడు.

"తెలుసు," అన్నాడు మల్లేశ్వరరావు.

మర్నాడు తెల్లవారగానే రాజ్యశ్రీ దగ్గర అడ్రసు తీసుకుని బస్సెక్కాడు. గొల్లపూడిలో ఒక మేడ మీద రేకుల గది. నలుగురు ఆడపిల్లలు ఉంటున్నారు. కింద ఇంటి ఓనరు ఎగాదిగా చూశాడు. "ఈ చింకీ వాళ్ళతో మీకేం పనండీ?" మల్లేశ్వరరావు మెట్లెక్కాడు. నాలుగురోజుల కిందట ఆ గొంతు తనదే.

కింబోయ్ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"మా అమ్మ తినడం లేదు," అన్నాడు.

"ఆమె ఏం మాట్లాడుతుందో మీకు తెలుసా సార్?"

"తెలుసు."

"తెలిసి పంపారా నన్ను?"

"అవును."

"నీళ్ళు ఏ గ్లాసులో ఇస్తారు?"

అతను నేల చూశాడు. "నీ ఇష్టమైన దాంట్లో తాగు."

"మీ కోసం రావట్లేదు సార్. అమ్మమ్మ కోసం." సంచి తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి తొమ్మిదైంది. కింబోయ్ సాన మీద గంధం అరగదీసి మంచం పక్కన పెట్టింది. రాజ్యశ్రీ జావ తెచ్చింది. మల్లేశ్వరరావు ఆమె చేతిలో గిన్నె తీసుకున్నాడు. మంచం అంచున కూర్చున్నాడు. సుబ్బరత్నం వెంటనే నోరు మూసుకుంది.

అరవై ఏళ్ళ కింది మాటలు. ఉన్నాయో లేవో తెలియదు. నాలుక తడబడింది.

"అమే," అన్నాడు. అమ్మా అని. "అమే, తమిన్ సా." అన్నం తిను.

సుబ్బరత్నం కళ్ళు పెద్దవయ్యాయి. గుమ్మం వైపు భయంగా చూసింది. వేళ్ళ సందులోంచి, "తో తో," అంది. మెల్లగా, మెల్లగా.

మల్లేశ్వరరావు ఇంకా గట్టిగా అన్నాడు. వీధిలోకి వినపడేట్టు అన్నాడు. "అమే! తమిన్ సా!"

ముసలామె చెయ్యి నోటి మీదినుంచి జారింది. కింబోయ్ వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు.

"ఈ పెద్దాయన ఎవరు, చిన్నపిల్లాడిలా మాట్లాడుతున్నాడు అంటోంది సార్. వాళ్ళబ్బాయి కూడా బడికి పోకముందు ఇలాగే మాట్లాడేవాడట."

అతను చెంచా అందించాడు. తల్లి నోరు తెరిచింది. ఒకటి, రెండు, మూడు చెంచాలు. నాలుగోది వద్దని తల ఊపింది. ఎడంచేత్తో గంధం తీసుకుని, ఆ పెద్దాయన బుగ్గల మీద గుండ్రంగా పూసింది. ఎవరో గుర్తు పట్టలేదు. బాగా పూసింది.

గేటు చప్పుడైంది. మల్లేశ్వరరావు వసారాలోకి వచ్చాడు. బాలశౌరి పేపరు అందుకోబోయి ఆగిపోయాడు.

"అదేంటండీ, బుగ్గలకి ఆ పూతేంటి?"

మల్లేశ్వరరావు చెయ్యి మొహం దాకా లేచింది. దించేశాడు.

"మా అమ్మ పూసింది," అన్నాడు. "మాది బర్మా."