ఉత్తర కోటలో సంధి

సారాంశం రాసే మనిషిని అతని కుర్చీలోనే చంపారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు, స్క్రీన్ మీద సగంలో ఆగిన వాక్యం తప్ప మరేమీ మిగల్లేదు.

లక్షలమంది ఆడే ఆన్‌లైన్ యుద్ధాల గేమ్ అది. రోజూ గుట్టలకొద్దీ రిపోర్టులు, మారే రూల్స్, కూలే కోటలు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి అవన్నీ చదివే తీరిక ఉండదు. అందుకే ఒక చిన్న స్టూడియో, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి, ఇంటికెళ్లే బస్సులో వినేలా, ఏం జరిగిందో, ఏం చెయ్యాలో నాలుగు ముక్కల్లో లైవ్‌లో చదివి వినిపించేది. తాను రాయని వాక్యాలు అందులో దూరుతున్నాయని ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసిన మర్నాడే ఆ మనిషి పోయాడు.

ఒక విదేశీ ముఠా ఆ బులెటిన్‌తోనే తన మనుషులకి ఆర్డర్లు పంపుతోందని చీఫ్ బ్రీఫింగ్‌లో చెప్పాడు. టార్గెట్ ఏమిటో తెలియదు. ఆ ఖాళీ కుర్చీలోకి పంతులు వెళ్లాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్‌ని అందరూ పిలిచే పేరు అదే. తలకి నెరిసిన విగ్గు, చెవిలో వినికిడి మిషన్. ఆ మిషన్ నిజానికి ట్రాన్స్‌మిటర్.

బులెటిన్ చదివే ఆమె చాలా అందగత్తె. ముఠా మనిషని పంతులు మొదటిరోజే పసిగట్టాడు. ఒక మధ్యాహ్నం టీ మిషన్ దగ్గర ఆమే వచ్చి పక్కన నిలబడింది.

"మీ చెవిలోది వినికిడి మిషన్ కాదని నాకు తెలుసు. ఈరోజు ఉత్తర కోట కూలిందని చదవమన్నారు. అది వినగానే మంచినీళ్ల ప్లాంట్‌లో నలుగురు క్లోరిన్ ట్యాంకులు తెరుస్తారు. వాళ్లెవరో నాక్కూడా తెలీదు."

"ఆపే మాట?"

"సంధి కుదిరిందనాలి. అప్పుడు పాత బస్ డిపోకి వచ్చేస్తారు. కానీ బులెటిన్ మధ్యలో ఆగితే మాత్రం దొరికిపోయామనుకుని తెరిచేస్తారు."

"నిన్నెందుకు నమ్మాలి?"

"మీ కుర్చీలో చచ్చిపోయినవాడు నన్ను అక్కా అని పిలిచేవాడు," అంది. "చంపుతారని నాకు చెప్పలేదు."

పంతులు చెవి మిషన్‌లో డిపోకి మనుషుల్ని పంపమన్నాడు.

లైవ్ మొదలైంది. బూత్ అద్దం ఇవతల, పంతులు పక్కనే, సౌండ్ ఇంజనీర్ హెడ్‌ఫోన్స్‌లో ప్రతి మాటా వింటున్నాడు. అతనూ ముఠా మనిషే. ఆమె మైకులో చదివింది.

"ఉత్తర కోటలో సంధి కుదిరింది. సైన్యాలని వెనక్కి పిలవండి."

ఇంజనీర్ చెయ్యి సొరుగులోకి పోయింది. పంతులు దూకాడు. సైలెన్సర్ గన్ అతనికన్నా ముందు పేలింది. అద్దానికి చిల్లు పడింది. ఆమె బల్ల మీదికి ఒరిగింది. పంతులు ఇంజనీర్ మణికట్టు విరిచి, గన్ వెనక్కి తిప్పి తల మీద కొట్టాడు. మనిషి కుప్పకూలాడు.

స్పీకర్లలో నిశ్శబ్దం. ప్లాంట్‌లో నలుగురు చెవులు రిక్కించి ఉంటారు.

పంతులు బూత్‌లోకి పరిగెత్తి, ఆమె చేతికింది కాగితం లాగి, మైకు తనవైపు తిప్పుకున్నాడు. "దక్షిణ కోటవాళ్లు ధాన్యం నిల్వలు పెంచుకోండి," అని నింపాదిగా చదవసాగాడు. ఆమె వేళ్లు అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాయి. చివరి వాక్యం అయ్యేసరికి ఆ పట్టు వదులైంది.

నలుగురూ డిపోలో దొరికారు.

మర్నాడు స్టూడియోకి తిట్లు వెల్లువెత్తాయి. లేని సంధిని నమ్మి వేలమంది కోటలు పోగొట్టుకున్నారు. ఒక్క ఆటగాడు మాత్రం మెచ్చుకున్నాడు: "సమాచారం తప్పే గానీ, బస్సు దిగేలోపు అర్థమైంది."