పత్తిని దున్నేసిన పాఠం

తెల్లారితే చాలు, ఆవుకు గడ్డి వేస్తూ ధనంజయ కేకేసేవాడు. "మే రూపా, అమెరికా యాడిదాకా వచ్చినాది?"

లెక్చరర్ పరీక్షకు చరిత్ర చదువుతున్న రూపశ్రీకి గట్టిగా చదివితేనే తలకెక్కుతుంది. పదో తరగతి తప్పిన నాయనకు ఆ పాఠాలే సీరియల్. రైలు పట్టాలు పడటం, ఫ్యాక్టరీలు లేవటం, కార్మికుల సమ్మెలు, పెద్ద యుద్ధం, అన్నీ పాలు పిండుతూనే విన్నాడు. యుద్ధమప్పుడు గోధుమ పండించమని రైతును ఎగదోసి, యుద్ధం ముగిసి ధర పడిపోయాక మొహం తిప్పుకున్నారన్న చోట మాత్రం చెంబు కింద పెట్టేశాడు.

"మన పల్ప్ ఫ్యాక్టరీవాళ్ళు ఆడ కూడా ఉండారే!"

ఆ వారమే బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు తీసే ఆ ఫ్యాక్టరీ గేటు ముందు అతని తోతాపురి కాయల ట్రాక్టరు, ధర పడిపోయి దింపుకునే దిక్కులేక, నాలుగు రోజులు నిలబడింది. ఐదో రోజు కుళ్ళిన కాయను రోడ్డు పక్కన పారబోసి వచ్చాడు.

మర్నాడు రూప చదివింది. ధర పెరగాలని అక్కడి ప్రభుత్వం పచ్చటి పత్తి చేలను దున్నించింది. దున్నినందుకు డబ్బిచ్చింది. పత్తి ధర లేచింది.

"దున్నితే ధర లేసిందా?"

"లేసింది నాయనా. మిగతాది వచ్చినాక చదువుతా, బస్సు పోతాది" అంటూ తిరుపతిలో పరీక్షకు పరుగెత్తింది.

మరుసటి సాయంత్రం తిరిగొచ్చేసరికి మామిడి తోట లేదు. నలభై మొద్దులు, రంపపు పొట్టు. ఒక మొద్దు మీద తల్లి సుబ్బులమ్మ కూర్చుని ఉంది.

"సూడే, మీ నాయన సేసిన ఘనకార్యం! మూడెండాకాలాలు వీటికి బిందెలు మోసినాను. నా నడుము ఊరికే వంగినాదా?"

ధనంజయ తలెత్తలేదు. "నీ బిడ్డే కదా సదివినాది."

"అది పరీక్షకు సదివినాదయ్యా, నీకు జోస్యం సెప్పలా!"

రూప సంచి దింపి నాయన పక్కన కూర్చుంది. "పత్తి మళ్ళా ఏడు మొలస్తాది నాయనా. మామిడి..."

"సెట్టు పెట్టినోడికి తెలీదామ్మా?" అన్నాడతను. "మళ్ళా ఏడు ఆ గేటు ముందర నిలబడలేననిపించినాది. పుస్తకంలో ఉండాదంటే రవంత ధైర్యమొచ్చినాది. అంతే."

సుబ్బులమ్మ మొద్దు మీంచి లేచింది. తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కొంగుతో అతని భుజం మీది పొట్టు దులిపి, "లెయ్, సంగటి సల్లారిపోతాది" అంది.

మర్నాడు పొద్దున కేక వినబడలేదు. రూపే పుస్తకం పట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది. మిగతా పాఠం బస్సులోనే చదివేసింది. చెప్పకూడదనుకుంది.

"ఆ పత్తి సేలల్లో పనిసేసినోళ్ళు ఏమైనారమ్మా?"

"ఆ డబ్బంతా భూమి ఉండేవాళ్ళకు పోయింది. కౌలోళ్ళను శానామందిని ఎల్లగొట్టినారు."

"యాడికి పోయినారు?"

"కొందరు పడమటికి పోయినారు నాయనా."

"ఆడ ఏం పని దొరికింది?"

రూప పుస్తకం మూసింది. "పండ్ల తోటల్లో కాయలు కోసే కూలి."

వంటింటి గడపలో సుబ్బులమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఎవరినీ చూడకుండా అడిగింది.

"ఫ్యాక్టరీలో కాయలు తరిగే ఆడోళ్ళను ఎక్కించుకుపోయే ఆటో ఎన్నిగంటలకొస్తాది?"

నాలుగు రోజులు ఆ గేటు ముందు నిలబడి, ఆటో దిగే ఆడవాళ్ళ మాటలు విన్నవాడు కదా, ధనంజయకు తెలుసు.

"ఆరుంబావుకు" అన్నాడు, ఆవు మెడలో మొహం దాచుకుని.