మూడేళ్ల ‘ఊఁ’

పొద్దున్నే వంటింట్లో పొయ్యి మండుతోంది. హాల్లోంచి మాటలు వినబడేసరికి టైలరమ్మకి కడుపూ మండింది.

“లేచావా బంగారం? నిద్ర పట్టిందా తల్లీ?”

వాచీల మాస్టారు అడుగుతున్నది పెళ్లాన్ని కాదు, మకావ్ చిలకని. జానెడున్నర పొడుగు, ఆకుపచ్చ ఒళ్లు, కళ్ల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి చర్మం. మకావ్‌లలో ఇది పొట్టి రకమట. రకమే పొట్టి, నోరు మాత్రం వీధి పొడుగు. పాతికేళ్ల కాపురంలో ఆ ‘బంగారం’ ఒక్కసారైనా ఆవిడ చెవిన పడలేదు. ఇంటికి పక్షి వచ్చాక ఆయనకి పక్షపాతం కూడా వచ్చింది.

అసలు పగ పాతది. మూడేళ్ల కిందట ఆవిడ క్యారేజీ పట్టుకుని ఆయన రిపేరు షాపుకి వెళ్లింది. లోపల అయిదారుగురు ఉన్నారు. “మా ఆవిడ నోరు తెరిచిందంటే గడియారాలు కూడా చెవులు మూసుకుంటాయండీ!” అన్నారు మాస్టారు. షాపంతా గొల్లుమంది. గడియారం ముల్లు గంటకో చుట్టు తిరిగి ముందుకెళ్లిపోతుంది. మాట ముల్లు అలా కాదు, దిగిన చోటే ఉంటుంది.

‘నా నోరే కదా మీకు బరువు? మూసేస్తాను, ఉండండి’ అనుకుంది. ఆ రోజు నుంచి ఆయన ఏమన్నా ఒకటే జవాబు. కూర బాగుందంటే ఊఁ. జ్వరంగా ఉందంటే ఊఁ. ఆయన ముఖం వాడిపోతే చాలు, ఆవిడకి ఆ పూట అన్నం లేకపోయినా కడుపు నిండేది.

అలాంటిది, ఏడాది కిందట ఆయన ఈ చిలకని తెచ్చుకుని హాయిగా కబుర్లు మొదలెట్టేశారు. శిక్ష పడ్డవాడు జైల్లో కూర్చుని పాటలు పాడితే జైలరు ఊరుకుంటాడా?

కుట్లు వేసే చేతికి కుట్ర వేరే నేర్పాలా? ఆయన షాపుకి వెళ్లగానే పంజరం తలుపు తీసి, వాల్‌నట్ పప్పు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది. మాటా పలుకూ లేదు, పప్పు మాత్రమే. మిషను తొక్కుతుంటే అది భుజమెక్కేది. ఆ చిలక ఒక్క మనిషికే మనసిస్తుంది, మిగతా వాళ్లంతా దానికి శత్రువులే. ఈ రెండు నెలల్లో బంగారం పార్టీ మారిపోయింది.

ఇవాళ ఆవిడ కాఫీతో హాల్లోకి రాగానే అది ఎగిరొచ్చి భుజం మీద వాలింది.

“రా బంగారం,” అంటూ మాస్టారు వేలు చాచారు.

చిలక కంటిపాప చిన్నదై, పెద్దదై, మళ్లీ చిన్నదైంది. అది కరవబోయే గుర్తని ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

వింతకి లోకమంతా ముక్కున వేలేసుకుంటుంది. మాస్టారి వేలు చిలక ముక్కున పడింది. చిన్న చిన్న స్క్రూలు బిగించే చూపుడు వేలు! చొక్కా నిండా నెత్తురు.

“అబ్బా! నువ్వే కదూ దీన్ని మచ్చిక చేసుకుంది? మిషను కింద వాల్‌నట్ తొక్కలు చూశాన్లే.”

“ఊఁ,” అంది ఆవిడ గెలుపుగా.

కానీ నెత్తురు ఆగలేదు. ఆవిడ దూది తెచ్చి ఒక అడుగు వేసిందో లేదో, చిలక రెక్కలు విప్పి ఆయన మీదకి దూకబోయింది. ఇంకో అడుగు వేస్తే ఇంకో అరుపు.

“వద్దు, రాకు. నీ సిపాయి ఒప్పుకోడు,” అని మాస్టారు పళ్లతో గుడ్డ చించి ఒంటిచేత్తో కట్టుకున్నారు. “ఆ రోజు షాపులో వాగాను. తప్పే. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా నీ ఊఁతో మాట గొంతులోనే చచ్చేది. ఇంట్లో పలికే ప్రాణి లేకే దీన్ని తెచ్చుకున్నాను. ఇప్పుడు దీన్నీ లాక్కున్నావు. ఇక నేనెవరితో మాట్లాడను, చెప్పవే?”

ఆవిడ పెదవి కదిలేలోపే భుజం మీంచి జవాబొచ్చింది.

“ఊఁ.”

అచ్చం ఆవిడ గొంతే. పొడిగా, ముఖం మీద తలుపు వేసినట్టు. దానికి ఆవిడ నుంచి అబ్బిన విద్య అదొక్కటే. మూడేళ్లుగా అనడమే గాని ఆ ఊఁ వినడం ఆవిడకి ఇదే మొదలు. మాస్టారు మాత్రం అలవాటైన దెబ్బలా తల దించుకున్నారు.

ఆవిడ కళ్లు మసకబారాయి. గింజుకుంటున్న చిలకని పంజరంలో పెట్టి గడియ వేసింది. వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

“నొప్పిగా ఉందా?”

మాస్టారు కన్నీళ్లతో తల ఊపారు.

“ఉండదూ మరి? వాల్‌నట్లు పగలగొట్టే ముక్కది! నెత్తురు కారుతుంటే ఉపన్యాసాలేమిటండీ? అది కరుస్తుందని నాకు ముందే తెలుసు. తెలిసే ఊరుకున్నాను, పాపిష్టిదాన్ని. తర్వాత తీరిగ్గా తిట్టండి. ముందు నేను తిట్టాలి. ఆ రోజు అంతమందిలో…”

గట్టు తెగింది. కాఫీ చల్లారింది, షాపు తెరిచే వేళ దాటింది. మాస్టారు ఒక్క గడియారం వైపూ చూడలేదు. కట్టు కట్టిన వేలు ఆవిడ చేతిలోనే ఉంచి, ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఆత్రంగా అడిగారు.

“ఊఁ… ఊఁ?”

పంజరంలో చిలక తల పక్కకి వాల్చి, ఆ కొత్త ఊఁని శ్రద్ధగా వింటోంది.