లక్షకు ఎన్ని జతలు?

మొదటి తూటాకే శ్రీరామచంద్రమూర్తి కుప్పకూలాడు. రెండోది అవసరం లేదు. అయినా ఇస్సాకు పేల్చాడు. తన తోటి ఏజెంట్లిద్దరిని గోదావరిలో ముంచి చంపినవాడి మీద అదేమీ దండగనిపించలేదు.

1954 ఆగస్టు. రాజోలు కాలువ లాకు తలుపులకు ఆనించి కట్టిన కొబ్బరికాయల పడవ. మూర్తి ఒకప్పుడు లెక్కల మాస్టారు, పైకి కొబ్బరి వర్తకుడు, లోపల విదేశీ ముఠాకు ఏజెంటు. మద్రాసు గూఢచారి విభాగం చీఫ్ ఇస్సాకుకిచ్చిన ఆర్డర్ క్లుప్తం: "వరద నిండుగా ఉంది. లాకు పేలితే కింద ఊళ్లు మిగలవు. ఆపు." అందుకే ఇస్సాకు కొబ్బరికాయల దింపు కూలీ వేషంలో పడవెక్కాడు.

పడవ అడుగున బాంబున్న స్టీలు పెట్టె. దానికి గొలుసుతో కట్టేసి ఉంది సువర్ణ, ముఠా వైర్‌లెస్ ఆపరేటరు. మద్రాసుకు పనిచేస్తోందని వాళ్లు ఆ ఉదయమే పసిగట్టారు. పెదవి చిట్లి, పట్టుచీర నిండా రక్తం.

"గొలుసు తెంపకండి ఇస్సాకుగారూ! పేలిపోద్దండి!"

"తాళం?"

"ఎడమ చక్రాల్లో రెండంకెల సంఖ్య, కుడి చక్రాల్లో నాలుగంకెల సంఖ్యండి. హెచ్చవేస్తే లక్ష రావాలని మూర్తిగారు ముఠావాళ్లకి చెబుతుంటే విన్నానండి. ఒక్కసారి తప్పినా పేలుద్దంట."

ఇస్సాకు మనసులోనే లెక్కేశాడు. పదహారు, ఆరువేల రెండువందల యాభై. ఇరవై, ఐదువేలు. పాతిక, నాలుగువేలు. వెతికితే ఏడు జతలు తేలాయి. పెట్టె మీది టైమరు ముల్లు ఎర్రగీతకు దగ్గరపడుతోంది. లెక్కల మాస్టారు ఇన్ని దారులున్న తాళం వేస్తాడా?

వెనక చప్పుడైంది. మూర్తి మనిషి బంగారయ్య కత్తి దూశాడు. ఇస్సాకు భుజం చీలింది. అతను పక్క కుప్ప మీది కాయ అందుకుని బంగారయ్య కణత మీద మోదాడు. మళ్లీ మోదాడు. ఎముక విరిగింది. బంగారయ్య నీళ్లలో పడి తేలలేదు.

చేతిలో నెత్తుటి కాయ. ప్రతి కుప్ప మీదా ఇలాగే ఒక్క కాయ విడిగా ఉంది.

"కుప్పకెన్ని కాయలండి?"

"వందండి."

"పైనున్నదో?"

"అదీ కలిపేనండి. మూర్తిగారు సున్నాతో లెక్క ముగించరండి, అరిష్టమంటారు. ఆయన వందంటే నూటొకటేనండి."

ఇస్సాకు పెట్టెవైపు తిరిగాడు. అయితే ఆయన లక్ష అంటే లక్షా ఒకటి! రెండు, మూడు, అయిదు, ఏడు, ఏదీ దాన్ని నిశ్శేషంగా భాగించదు. పదకొండు భాగిస్తుంది. భాగఫలం తొమ్మిదివేల తొంభై ఒకటి. అది ప్రధాన సంఖ్య, కోడ్ ట్రైనింగులో కంఠతా పట్టినవాటిలో ఒకటి. ఇంక విడదీయడానికేమీ లేదు. ఈ తాళానికి సరిపోయే జత ఇదొక్కటే.

భయం తన చావుకు కాదు, ఆమెను చంపుతానేమోనని. పదకొండు తిప్పాడు. తొమ్మిది, సున్నా, తొమ్మిది, ఒకటి.

ముల్లు ఎర్రగీత అంచున ఆగింది. గొలుసు ఊడి జారింది.

ఇస్సాకు అక్కడే కూలబడ్డాడు. "ఈ నూటొకటి సంగతి ముందే చెప్పొచ్చు కదండీ!"

సువర్ణ మణికట్టు రుద్దుకుంది. "మీరు బాంబు గురించడిగేరండి. కొబ్బరికాయల గురించి అడగలేదు కదండీ."