నెమలికంఠం నీలం కాదండీ

అది 2009 వానాకాలం. ఆ రోజు తెనాలిలో కురిసిన వానకి చేపలు స్టేషన్లోకి ఎదురీది వచ్చి ప్లాట్‌ఫారం టికెట్లు కొనుక్కున్నాయి. నమ్మకపోతే మీకే నష్టం. ఆ వానలో బాపట్ల నుంచి తడిసి ముద్దయి దిగాడు అనిరుధ్. శివరామయ్యగారి చీరల కొట్టుకి వెబ్‌సైటు పెట్టింది అతనే.

చీరల ఫొటోలు తీసి సైటులో పెట్టే చంద్రిక అతన్ని గుమ్మంలోనే అందుకుంది.

"రండి సార్, రండి! ఎనిమిది వందల చీరలు ఒకే కుప్పగా పోశారు. అన్నీ చూసేసరికి పెళ్లికూతురికి మనవలు పుడతారు!"

"అందుకేగా వచ్చాను. కాస్త తువ్వాలు ఇస్తారా?"

"ముందు సైటు సంగతి చూడండి. దసరాలోపు ఆర్డర్లు రాకపోతే మూసేస్తానన్నారు శివరామయ్య బాబాయిగారు. అప్పుడు నేను మూట సర్దుకుని రేపల్లె పోవాలి. మా నాన్న సంబంధాలు వెతుకుతున్నాడు."

వానకి వెయ్యని చలి ఆ చివరిమాటకి వేసింది అనిరుధ్‌కి.

"ఫాసెటెడ్ సెర్చ్ అని ఉందండి. పక్కన రంగు, అంచు, ధర అని గళ్లు వస్తాయి. టిక్కు పెట్టేకొద్దీ కుప్ప తగ్గిపోతుంది."

"మీకు ప్రోగ్రాములు రాయడం రాదుగా?"

"ఒక్క లైనూ రాయక్కర్లేదు. మాడ్యూలని రెడీమేడ్ ముక్క ఉంటుంది, అది సైటుకి తగిలించి, ఏయే వివరాలతో వెతకాలో చెబితే చాలు."

తగిలించాడు. రంగుల వివరాలు బాపట్లలోనే నింపుకొచ్చాడు మొనగాడు! చంద్రిక 'నీలం' మీద టిక్కు పెట్టింది. మూడొందల చీరలు వచ్చిపడ్డాయి.

"అయ్యో రామా! ఇది నెమలికంఠం. ఇది ఆనంద్ బ్లూ. ఇది వంకాయ రంగు. వంకాయ నీలమా? మీ బాపట్లలో వంకాయలు ఎలా ఉంటాయండి?"

"తినడమేనండి, ఎప్పుడూ చూళ్లేదు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆమె రంగు చెబుతుంటే అతను నింపాడు. ఉల్లిపొర, గంధం, చిలకపచ్చ... చిలకపచ్చ దగ్గర ఇద్దరి చేతులూ మౌసు మీద కలిశాయి. సరిగ్గా అప్పుడే ఊరంతా కరెంటు పోయింది. వాన వల్లేనన్నారు అందరూ. నాకు మాత్రం అనుమానమే.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి అనసూయ అనే ఆవిడ ఫోన్ చేసింది. "ఉల్లిపొర రంగు, చిన్న గళ్లు, జరీ లేని అంచు. ఇట్టే దొరికిందమ్మా! పెళ్లిలో పెట్టడానికి అలాంటివే ఇంకో ఇరవై పంపండి."

శివరామయ్యగారు పొంగిపోయారు. "సైటూ ఉంటుంది, నువ్వూ ఉంటావమ్మాయ్!"

అనిరుధ్ మెల్లగా చంద్రికని అడిగాడు. "మరి రేపల్లె సంబంధాలు?"

"మా నాన్నకీ మీ సెర్చ్ నేర్పానండి. ఆయన టిక్కులు ఇవీ: గవర్నమెంటు ఉద్యోగం, రెండెకరాల మాగాణి, రేపల్లె పక్క ఊరు."

"అయితే నేను రానే రాను అందులో," అన్నాడు మొహం వేలాడేసి.

"అందుకే ఒక్కోటీ తీయిస్తున్నాను. ఉద్యోగం తీశాడు, పక్క ఊరు తీశాడు. మాగాణి దగ్గర మొండికేశాడు."

"ఎందాకా తీయిస్తారు?"

చంద్రిక చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "మీరు కనబడేదాకా."

అంతలో కొట్టు ఫోను మోగింది. అవతల చంద్రిక వాళ్ల నాన్న సుందరయ్య. ఆయన గొంతుకి ఫోనుతో పనేముంది, రేపల్లె నుంచి నేరుగానే వినబడుతుంది!

"అమ్మాయ్, మాగాణి కూడా తీసేశాను. నువ్వు చెప్పే ఆ బాపట్ల కుర్రాడు ఇప్పటికి కనబడ్డాడు. ఆదివారం భోజనానికి రమ్మను. మీ అమ్మ అప్పుడే టిక్కు పెట్టేసింది!"