పదిహేడో కుర్చీ తడబాటు

పదిహేడో కుర్చీ ముందు, బల్ల కిందకు దూరి, తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ గుచ్చుతోంది విరజ. పైన కుర్చీలో దస్తగిరి మీటపిడిని రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

"ఇప్పుడు తిప్పు."

అతను కుడి బొటనవేలితో మీటను పక్కకు నెట్టాడు. తెర మీద తెల్లదిబ్బ రేవు మెల్లగా జరిగింది. టక్కున ఆగింది. ఒక్క గెంతు గెంతి మళ్లీ ఆగింది.

"ఉండనీలేక్కా, నేను సర్దుకుంటా" అన్నాడు.

"సర్దుకునేదేంటి? ఆ అరసెకనులోనే కదా నిన్న మన దూరకాయం మెడలో గడ్డపార దిగింది!" వెనక నుంచి అరిచాడు ఫణీంద్ర, ఆ హాలుకు అధికారి. "విరజ గారూ, పన్నెండింటికి గేటు ఖాళీ చేయించాలి. ఈలోపు బాగుచేయండి."

దూరకాయాలు వచ్చాక పనిచేసే చోటికి మనిషి వెళ్లడమనేదే లేకుండా పోయింది. కొబ్బరికాయలు దింపేవాడూ, కడుపు కోసే డాక్టరూ, అందరూ ఇలాంటి హాళ్లలో కంప్యూటర్ ముందు కూర్చుని, అరచేతుల్లో ఇమిడే మీటపిడితో ఎక్కడో ఉన్న ఇనుప శరీరాన్ని నడుపుతారు. దాని తలలోని కెమెరా చూసింది వీళ్ల తెర మీద కనిపిస్తుంది. ఈ హాల్లోని నలభైమందీ నడిపేది కాపలా దూరకాయాలను. మూడువందల కిలోమీటర్ల అవతల తెల్లదిబ్బలో, సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే కర్మాగారం ముందు అవి వరసగా నిలబడి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లకు నీళ్లు ఆపేసి తొమ్మిది రోజులైంది. గేటు ముందు జనం గడ్డపారలతో, ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు.

విరజ మీటపిడి మార్చింది. అది సెకనుకు ఎన్నిసార్లు కబురు పంపాలో ఆ లెక్క పెంచి చూసింది, తగ్గించి చూసింది. తడబాటు పోలేదు. మౌస్‌తో తిప్పితే మాత్రం చూపు నీళ్లలో పడవలా సాగింది. చివరికి దస్తగిరిని లేపి తనే కూర్చుంది. ఆమె చేతిలో మీటపిడి ఎంత తిప్పినా ఎక్కడా ఆగలేదు.

అప్పుడు కనిపించింది, అతని నుదుటి మీది తలపట్టీ. అందరి పట్టీల్లోనూ చూపు చదివే భాగం ఉంది కానీ, ఎనిమిది రోజుల కిందట ప్రయోగంగా పదిహేడో కుర్చీకి ఒక్కదానికే దాన్ని తెరిచారు. కన్ను ఎటు తిరిగితే కెమెరాను అది అటు కాస్త జరుపుతుంది. చెయ్యి ఒకవైపు, కన్ను ఒకవైపు లాగితే, ఎవరి మాట వినాలో తేల్చుకోలేక కంప్యూటర్ ఆగిపోతోంది. ఇంతే సంగతి! పట్టీ చెడిపోయిందనుకుని ఆమె దాన్ని ఆపేసింది. దస్తగిరి కూర్చుని మీట నెట్టాడు. ఎక్కడా తడబాటు లేదు.

"శభాష్" అన్నాడు ఫణీంద్ర. దస్తగిరి నుదుటి మీది పట్టీని ఒకసారి తడుముకున్నాడు.

పన్నెండింటికి వరస కదిలింది. రాళ్లు వానలా వచ్చి కెమెరాలకు తగిలాయి. ఒక ముసలాయన పార ఎత్తాడు. ఇనుప చెయ్యి దాన్ని లాక్కుని ఆయన మోచేతిని వెనక్కి విరిచింది. ఎవరో పెట్రోలు పోసి ఒక దూరకాయానికి నిప్పంటించారు. మండుతూనే అది ఇద్దరిని తొక్కుకుంటూ పోయింది. దస్తగిరి తెర మీదకు నీలం కండువా మనిషొకడు వచ్చాడు. చేతిలో బిందె తప్ప ఏమీ లేదు. లాఠీ దిగింది. దెబ్బ తగిలిన గుర్తుగా మీటపిడి అదిరింది. దవడ పక్కకు పోయింది. అతను పాకబోయాడు. చూపు అతని వెంటే తిరిగింది. లాఠీ మళ్లీ నెత్తి మీద దిగింది, ఆ తర్వాత ఇంకోసారి. బిందె దొర్లిపోయింది. అతను కదలలేదు.

విరజ గుడ్లప్పగించి దస్తగిరి వైపు తిరిగింది. అతని కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. మీటపిడి అదిరిన వైపుకే తిరుగుతూ వేళ్లు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి.

"దస్తగిరీ!"

"చూడలేనక్కా" అన్నాడు కళ్లు తెరవకుండానే. "కొట్టబోయేముందు పక్కకు చూసేవాణ్ణి. తెర ఆగేది. ఆ సందులో వాళ్లు పారిపోయేవాళ్లు. ఎనిమిది దినాలు నా చేతిలో ఒక్కరూ సావలేదు."

ఆమెకు అప్పుడు అర్థమైంది. చెడిపోయిందేదీ లేదు. బాగున్నదాన్ని తనే తీసేసింది.

కుర్చీకొక దీపంతో అన్నిటినీ అదుపుచేసే గోడ మీది పెద్ద పలక దగ్గరికి పరుగెత్తి, నలభై పట్టీల్లోనూ చూపు చదివే భాగాన్ని ఒక్కసారే తెరిచేసింది. ఇంత ఘోరాన్ని ఏ కళ్లు మాత్రం చూడగలవు? నలభై తెరలూ ఆగిపోతాయి, జనం బయటపడతారు అనుకుంది.

పలక మీద తెరలాగిన పది కుర్చీల దీపాలు ఎర్రగా కొట్టుకున్నాయి. తర్వాత దస్తగిరిది, పదిహేడో కుర్చీ దీపం. అక్కడితో సరి. పదకొండు. వరసలో పడ్డ సందుల్లోంచి కొందరు పారిపోయారు. మిగిలిన ఇరవై తొమ్మిది తెరలూ రవ్వంతైనా తడబడకుండా తిరుగుతూనే ఉన్నాయి.

పద్దెనిమిదో కుర్చీలో ఉన్నది మంగతాయారు. అయిదేళ్లుగా రోజూ తన డబ్బాలోంచి విరజకు సగం పెట్టి తినే మనిషి. ఆమె దీపం పచ్చగా వెలుగుతోంది.

ఫణీంద్ర జేబులోంచి కలం తీసి ఎర్ర దీపాల నంబర్లు రాసుకోబోయాడు. అతను మొదటి అంకె వేసేలోపే విరజ పలక మీది దీపాలను, వాటి నమోదుతో సహా చెరిపేసింది. అతను ఆమె జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. నోట్లో పన్ను విరిగింది. నంబర్లు చెప్పలేదు.

జైల్లోనూ అడిగారు. అక్కడా చెప్పలేదు. తెల్లదిబ్బలో పంతొమ్మిది మంది పోయారని అక్కడే విన్నది.

మూడో వారం మంగతాయారు చూడటానికి వచ్చింది. చేతులు కొంగులో దాచుకుని ఊచల అవతల నిలబడింది.

"ఆ గోలలో నాకేం గుర్తులేదే" అంది. "నీకు తెలిసే ఉంటుంది. నా తెర ఆగిందా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ పంతొమ్మిదిమంది గుర్తొచ్చారు విరజకు.

"ఆగలేదు వదినా. ఒక్కసారి కూడా."

మంగతాయారు తల ఊపింది. ఏడవలేదు. రెండు చేతులూ ఊచల్లోంచి లోపలికి చాపింది. మణికట్ల నుంచి వేళ్ల దాకా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి అవి.

"మరి ఇప్పుడెందుకే ఇవి ఆగడం లేదు?" అని అడిగింది.