వల కన్నులోంచి జారిన సుడి

మండే ఎండల దేశానికీ కరగని మంచు దేశానికీ నడుమ, సముద్రపు ఒడ్డున చలువేరు అనే రాజ్యం ఉండేది. మూడేళ్లుగా అక్కడ తుఫానులు చెప్పాపెట్టకుండా వచ్చి పడవలను మింగేస్తున్నాయి. రాజుగారికి వాతావరణం చెప్పే గాలిపెద్ద మబ్బులు చూసి, పున్నమికి వేటకు వెళ్లవచ్చన్నాడు. పోయినేడు అలాంటి మాటే నమ్మి, వలలు అల్లే నూకాలు అనే పిల్ల అన్న వేటకు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఈసారి ఆమె తండ్రి పోలయ్య వెళుతున్నాడు.

తుఫాను పుట్టే చోటు చూడాలని నూకాలు ఒంటరిగా బయలుదేరింది. కాళ్లకు చెప్పులైనా లేవు. పొగమంచు అడవిలో ఎలుగుబంటి ఎదురైంది.

"పరిగెత్తవేం?"

"పరిగెడితే ఎంటబడతావు కదా మామా."

ఎలుగు నవ్వి, ఆమెను వీపున ఎక్కించుకుని తుఫానులు పుట్టే నడిమి సముద్రం ఒడ్డున దించింది. నీళ్లలోంచి సుడిరాకాసి లేచింది.

"తుఫాన్లు మా మీదికి తోలేది నువ్వేనా?" అంది నూకాలు.

"నేను తోలనే పిల్లా. దక్షిణాన కాగిన నీళ్లు ఇక్కడికొచ్చి సుళ్లు తిరుగుతాయి. ఆ వేడిని గాలి తాగుతుంది. తాగిన గాలి తిన్నగా నడుస్తుందా? నా సుడి అంచు ఎక్కడో కనిపెట్టు, వేడిని చూపే స్ఫటికం ఇస్తాను."

నూకాలు దుంగ పట్టుకుని ఈదింది. పట్టు జారితే అంతే సంగతులు. నీళ్లు చల్లగా తగిలిన చోట ఆగి, "ఇదే నీ అంచు. ఈ చివర నుంచి ఆ చివరకి పది ఆమడలు" అంది. రాకాసి స్ఫటికం ఇచ్చింది. అందులోంచి చూస్తే ఎంత దూరాన ఉన్నా వెచ్చని నీళ్లు ఎర్రగా కనబడతాయి.

నూకాలు తిరిగొచ్చి రాజు కొలువులో సుళ్ల సంగతి చెప్పింది. గాలిపెద్ద గళ్లు గీసిన తన సముద్రపు పటం పరిచాడు. "ఇందులో సుళ్లు లేవే?"

"మీ గళ్లు కూడా వల లాంటివే, దాని కన్ను మరీ పెద్దదండీ. నూరు ఆమడల కన్నులోంచి పది ఆమడల సుడి జారిపోదేటి?"

ఆమె ఆమడకొక కన్ను చొప్పున సన్నని వల అల్లి పటం మీద పరిచింది. కొండెక్కి స్ఫటికంలో చూసి, సుడి ఉన్న చోటల్లా వల మీద ఎర్రదారంతో ముడి వేసింది. అయిదు సుళ్లు తీరం వైపు వరుస కట్టాయి. "మూడో రోజు తుఫాను వస్తుంది" అంది. రాజు పడవలు ఆపించాడు.

రెండు రోజులు ఎండ కాసింది.

"నీ తుఫాను ఏ ఊరెల్లిందే? కూరకి చేప అడక్కు మరి" అన్నాడు పోలయ్య.

మూడో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. కెరటాలు గుమ్మాల దాకా వచ్చాయి. కడలిలో ఒక్క పడవ కూడా లేదు.

రాజు ఆమెకు గాలిపెద్ద పీఠం ఇచ్చాడు. "ఇక తుఫానులు రావు కదా?"

"వస్తాయి మహారాజా. కబురు ముందొస్తుంది. అదీ ఒక్కోసారి తప్పొచ్చు."

అప్పటినుంచి పోలయ్య పడవ తోసేముందు, "ఎల్లొచ్చా అమ్మా?" అని కూతుర్ని అడిగేవాడు. వద్దన్న రోజున సణుగుతూ ఒడ్డునే కూర్చుని వల బాగుచేసుకునేవాడు.